పావు మైలు ఏనుగు

తప్పు భూమిదేనని చివరికి తేలిపోయింది.

అంతవరకూ ఆ జిల్లాలో భూమి తన ఇష్టం వచ్చినట్టు ఉండేది. ఏటికి వంపు తిరగాలనిపిస్తే తిరిగేది, ఊరికి పెరగాలనిపిస్తే పెరిగేది. అడిగే నాథుడు లేడు. అలా ఇష్టారాజ్యంగా సాగుతున్న రోజుల్లో జిల్లా కచేరీ పాత రికార్డు గదిలో చెదలమందు కొట్టడానికి వెళ్ళినవాళ్ళకి ఓ తగరపు గొట్టం దొరికింది. గొట్టంలో పింబుల్ దొర గీసిన పటం ఉంది.

పింబుల్ దొర కుంఫిణీ కాలం నాటి సర్వే దొర. మూడుకాళ్ళ పీట మీద ఇత్తడి దుర్భిణీ, గొలుసు లాగడానికి ఓ పటాలం, దొరగారు కూర్చోడానికి పల్లకీ, పల్లకీ వెనకాల కోళ్ళగంప, ఇంత సరంజామాతో ఊరూరూ తిరిగాడు. మైలుకి నాలుగంగుళాల లెక్కన జిల్లాకి జిల్లానే కాగితం మీదికి దించాడు. ప్రతి తోపూ, ప్రతి బావీ, ప్రతి పుట్టా అందులో ఉంది. చూడముచ్చటైన పటం. అందులో రెండో మాట లేదు. దాన్ని అద్దాల చట్రంలో బిగించి కచేరీ హాల్లో పెట్టి ఊరుకుంటే ఎవరికీ ఏ బాధా ఉండేది కాదు.

ఊరుకోలేదు. ముందు పటానికి దండ వేశారు. తర్వాత శాలువా కప్పారు. ఆ తర్వాత సభ పెట్టారు. సభలో ఓ పెద్దమనిషి లేచి, "ఈ పటం గీసి ఇన్నేళ్ళయినా ఒక్క గీత మారలేదు. మరి భూమో? రోజుకో రకం! రెండింట్లో దేన్ని నమ్మాలో మీరే చెప్పండి," అన్నాడు. చప్పట్లతో హాలు మారుమోగింది. అలాంటి మాటకి చప్పట్లు కొట్టాక వెనక్కి పోవడం కష్టం. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. 'పటమునకును భూమికిని భేదము కానవచ్చినచోట, భూమిని తగువిధముగ సవరించవలెను.' సవరించడానికి ఓ శాఖ పుట్టింది. దాని పేరు పట సారూప్య శాఖ.

శాఖ పుట్టీ పుట్టగానే పరుగు లంకించుకుంది. పటంలో చింతతోపు ఉన్నచోట ఇప్పుడు బస్‌స్టాండు ఉందని, ప్లాట్‌ఫారాల మధ్య చింతమొక్కలు నాటించారు. బస్సులు మొక్కల మధ్య నుంచి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పోవలసి వచ్చింది. గుర్రాలశాల ఉన్నచోట కాలేజీ ఉందని ప్రిన్సిపాలుకి నోటీసిచ్చారు. ఆయన ఎక్కణ్ణుంచో ఓ జట్కా గుర్రాన్ని తెచ్చి స్టాఫ్‌రూములో కట్టేశాడు. మునిసిపాలిటీ వాళ్ళకి మాత్రం ప్రశంసాపత్రం దొరికింది. ఇప్పుడు మెయిన్‌రోడ్డు ఉన్నచోట పటంలో ఓ వాగుంది. అరగంట వాన కురిస్తే చాలు, ఆ వాగుని వాళ్ళు ఏనాటినుంచో యథాతథంగా పారిస్తున్నారు.

ఈతమానువలస సర్పంచి దాలమ్మకి ఈ సంబరంతో పని లేదు. ఆమె పని ఒక్కటే. నక్కలగెడ్డ మీద వంతెన.

ఈతమానువలసకి మూడువైపులా కొండ, నాలుగోవైపు గెడ్డ. సంతా, ఆసుపత్రీ, పెద్దబడీ గెడ్డకి అవతల, ఊరు ఇవతల. ఎండాకాలం మోకాలిలోతు నీళ్ళు. వానాకాలం లారీ ట్యూబు మీద చెక్క కట్టుకుని, ఉన్న దేవతలందరికీ మొక్కుకుని దాటాలి. దాలమ్మకి తొలికాన్పు నొప్పులు ఆ గట్టు మీదే వచ్చాయి. గెడ్డ తగ్గేదాకా అక్కడే కూర్చోబెట్టారు. గెడ్డ తగ్గింది గాని బిడ్డ దక్కలేదు. ఆ కడుపుకోత ఆమెకి ఇంకా ఆరలేదు. సర్పంచిగా నిలబడింది కూడా ఆ వంతెన కోసమే. ఇప్పుడు కూతురు మంగవేణికి మూడో నెల. అల్లుడు చెన్నపట్నంలో సెంట్రింగు పనికి పోతే, పిల్ల వేవిళ్ళతో పుట్టింటికి వచ్చేసింది. శ్రావణంలో నెలలు నిండుతాయి. శ్రావణంలో నక్కలగెడ్డ ఎలా ఉంటుందో దాలమ్మకి ఒకళ్ళు చెప్పాలా!

ఎట్టకేలకి వంతెన కాయితం కదిలిందని తెలిసి ఆమె జిల్లా కచేరీకి వెళితే, "అంతా అయిపోయిందమ్మా, సారూప్య శాఖ వాళ్ళ ముద్ర ఒకటే తరువాయి," అన్నారు.

సారూప్య శాఖాధికారి దక్షిణామూర్తిగారు. మనిషి చెడ్డవాడు కాడు. పటమంటే ప్రాణం. ఇంటికి పోయే దారిలో కొత్త మలుపు కనిపిస్తే దిగులు పెట్టుకునే రకం. ఆయన భూతద్దం తీసుకుని, పటం మీద వేలు నడిపించుకుంటూ ఈశాన్య మూలకి వచ్చి ఆగిపోయాడు.

"ఏమమ్మా, మీ గ్రామమునకు ఉనికి ఉన్నదా?"

"అదేటి బావూ, నాను అక్కడినుంచే కదా వచ్చినాను."

"తమరు వచ్చుట వేరు, గ్రామము ఉండుట వేరు. ఇటు చూడండి. ఇది నక్కలగెడ్డ. గెడ్డకి ఇవతల ఏమున్నది?"

దాలమ్మ కళ్ళు చికిలించి చూసింది. పటానికి ఆ మూల పింబుల్ దొర తన పేరూ, జిల్లా పేరూ వేసుకోడానికి అలంకారంగా ఓ బొమ్మ వేశాడు. ఏనుగు. తొండం చాపి ఓ జెండా పట్టుకుంది. జెండా మీద అక్షరాలు. తొండం గెడ్డ దాటి అవతలికి పోయింది. అవతలి గట్టున కొబ్బరిచెట్టు కింద ఓ దొర కాలు మీద కాలేసుకుని పడుకుని దుర్భిణీలోంచి చూస్తున్నాడు. ఈతమానువలస ఉండవలసిన చోట ఏనుగు పొట్ట ఉంది.

"ఓలమ్మో, ఏనుగు!" అంది దాలమ్మ. "బావూ, అది బొమ్మ."

"పటములో బొమ్మ యనునది ఉండదమ్మా. సమస్తమూ సంకేతమే. గ్రామము లేదు, ఏనుగు ఉన్నది. ఏనుగు ఉన్నచోట గ్రామము అనధికారికముగా వెలసినట్లు ప్రాథమికముగా భావించవలసి వచ్చుచున్నది. లేని గ్రామమునకు వంతెన ఏల?"

"అయితే మమ్మల్నేటి సెయ్యమంతారు?"

"రెండు మార్గములు. ఒకటి, స్థలము ఖాళీ చేయుట. రెండు, స్థలమును పటమునకు సరూపముగా తీర్చిదిద్దుట. వర్షాకాలము లోపల తనిఖీకి వచ్చెదను."

దాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. అరిచి లాభం లేదు. గోడతో వాదించి ఎవడూ గెలవలేదు. ఆమె తిన్నగా ఊరికి వచ్చి అందర్నీ పిలిచింది.

"మనం ఏనుగులో ఉన్నామంట," అని మొదలుపెట్టి జరిగినదంతా చెప్పింది.

గవరయ్య పకపకా నవ్వాడు. గవరయ్య వెదురు పనివాడు. ఏటా అమ్మవారి జాతరకి వెదురు బద్దలూ రంగు కాయితాలతో ఏనుగు కడతాడు. చుట్టుపక్కల ఏ ఊరి జాతరకైనా ఏనుగు కావాలంటే ఆయన గుమ్మమే తొక్కాలి. "దొర ఏనుగెందుకు గీసినాడో మా ముత్తాత సెప్పీవోడు. ఆ దొర అవతలి గట్టు దాకా వచ్చినాడంట. గెడ్డ పొంగింది. డేరా ఏసుకుని కూకున్నాడు. ఎంతకీ తగ్గదు. ఇవతలేటుందో సూడనేదు, కొలవనేదు. కాయితం ఉత్తినే ఒగ్గేస్తే పైదొర తిడతాడని ఏనుగుని గీసి మూసీసి, జొరమొచ్చి ఎల్లిపోనాడు."

"అంటే ఆడికీ వంతెన నేకే!" అంది దాలమ్మ.

"ఆడికీ నేకే."

ఆ మాట మర్నాడే ఆమె దక్షిణామూర్తిగారికి కబురు పంపింది. "దొరలు దాటలేకపోవుట యనునది రికార్డులలో ఎచ్చటను కానరాదు," అని జవాబు వచ్చింది.

సరే, ఏనుగు కావాలి, అంతేగా! గవరయ్య వెదురు కొట్టించాడు. జాతర ఏనుగుకి రెట్టింపు ఏనుగు కట్టాడు. దొర వేషం పారినాయుడికిచ్చారు. పారినాయుడు వీధి భాగోతాల్లో రాజు వేషాలు కట్టినవాడు. ముఖానికి పౌడరు మెత్తి, నెత్తిన టోపీ పెట్టి, దుర్భిణీ అని చేతికి పైపు ముక్క ఇచ్చి, అవతలి గట్టున కొబ్బరిచెట్టు కింద పడుకోబెట్టారు. పడుకున్న కాసేపటికే అతనికి దొరతనం వంటబట్టింది. దారినపోయే వాళ్ళని, "ఎవడురా అది, నిలబడు!" అనడం మొదలుపెట్టాడు. పెళ్ళాం అంబలి పట్టుకొస్తే, "బల్ల మీద పెట్టు," అన్నాడు. బల్ల లేదు. చెంబు నెత్తిన బోర్లించి వెళ్ళిపోయింది.

దక్షిణామూర్తిగారు తనిఖీకి వచ్చారు. మాఘమాసం గనక గెడ్డలో నీళ్ళు మోకాలి దాకానే ఉన్నాయి. అయినా ఆయన్ని ఇద్దరు భుజాల మీద మోశారు. మధ్యలో ఆయన పటం విప్పి చూసుకుని, "గెడ్డ పటములో ఉన్నది. గెడ్డ సంతృప్తికరముగానే ఉన్నది," అన్నాడు. మోసేవాళ్ళలో ఒకడు జారాడు. అధికారిగారు నడుము దాకా సంతృప్తి చెందారు.

తడిబట్టలతోనే ఏనుగు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. దాలమ్మ వెనకాలే తిరిగింది.

"కదలదేమి?"

"పటంలోదీ కదలదు కద బావూ."

"నిజమే. కదలని ఏనుగే పటమునకు ఎక్కువ విధేయము," అని మెచ్చుకున్నాడు. దాలమ్మ ఊపిరి పీల్చుకుంది. అప్పుడాయన జేబులోంచి స్కేలు తీసి పటంలోని ఏనుగుని కొలిచాడు. మొహం చిన్నబోయింది.

"అయ్యో! ఎంత పొరపాటు! పటములో ఏనుగు అంగుళము పొడవున్నది. మైలుకి నాలుగంగుళములు. అనగా ఈ ఏనుగు పావు మైలు పొడవుండవలెను. ఇది ఏనుగు కాదమ్మా. ఇది ఏనుగు పట్ల పరిహాసము."

గవరయ్య నోరు తెరిచినవాడు మూయలేదు. "పావు మైలు ఏనుగా? కొండలన్నీ గొరిగినా అంత ఎదురు దొరకదు బావూ!"

"మరి దొరో?" అని అడిగింది దాలమ్మ. దొర కూడా మైలులో పావు ఉండాలంటాడేమోనని ఆమె భయం. పారినాయుడు అంత పొడుగు సాగడు.

దక్షిణామూర్తిగారు కాస్త ఆలోచించి, "దొరకి మినహాయింపు," అన్నాడు. "హోదా స్కేలునకు అతీతము. దొరను యథాతథముగా ఆమోదించడమైనది. కార్యాలయ వేళలలో ఇక్కడే పడుకొనవలెను." పారినాయుడు పడుకునే సలాము కొట్టాడు.

అధికారి వెళ్ళిపోయాక దాలమ్మ గుమ్మంలో కూలబడింది. లోపల మంగవేణి వాంతి చేసుకుంటున్న చప్పుడు. ఇంకో శ్రావణం, ఇంకో గట్టు, ఇంకో బిడ్డ. "నా వల్ల కాదు తల్లీ," అనుకుని చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

మంగవేణి మూతి తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. "ఏటమ్మా, నువ్వేడిస్తే ఊరి గతేటి? ఏనుగంటే ఎదురు బద్దలే కావాలేటి? పటంలో దొర ఏనుగుని నిలబెట్టినాడా, గీసినాడా?"

"గీసినాడు."

"మరి మనమూ గీసీద్దాం. ముగ్గేస్తే సరి."

దాలమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఏడుపు ఆగిపోయింది.

ఈతమానువలస ఆడవాళ్ళకి ముగ్గు కొత్తా? వాకిలి చిన్నదైతే చుక్కలు దగ్గరగా పెడతారు, పెద్దదైతే ఎడంగా పెడతారు. ముగ్గు మాత్రం అదే. ఇప్పుడు వాకిలి కాస్త పెద్దది, అంతే. దొర ఏనుగుని ముందు దాలమ్మ ఇంటి ముందు చుక్కల్లో దింపారు. తర్వాత ఒక్కో చుక్కకి ఒక్కో బండరాయి చొప్పున పొలాల్లోకి మోశారు. రాయికీ రాయికీ మధ్య సున్నం పోసుకుంటూ పోయారు. వీపు కొండవాలు మీదుగా వచ్చింది. ముందుకాళ్ళు చెరుకుతోటలో పడ్డాయి. కన్ను సరిగ్గా గవరయ్య పెరట్లో బావి దగ్గరికి వచ్చింది. ఆయన బావి గట్టుకి నల్లరంగు వేయించి, "నా పెరడు ఏనుగు కన్నురా!" అని వచ్చేపోయే వాళ్ళకి చూపించుకున్నాడు. తోక పక్కనున్న జీడివలస పొలాల్లోకి పోబోతే, ఆ ఊరి సర్పంచి సన్యాసినాయుడు కర్ర పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. "మీ తోక మా ఊళ్ళో పెట్టకండి. మా ఊరు పటంలో ఉంది. మాది పరువైన ఊరు," అన్నాడు. చేసేది లేక తోకని గట్టు వెంబడే వంచేశారు.

ఇళ్ళూ, పశువులశాలలూ, పెంటకుప్పలూ, మంగవేణి పడుకున్న నులకమంచం, సమస్తమూ ఏనుగు పొట్టలో పడ్డాయి.

ఈసారి దక్షిణామూర్తిగారిని అవతలి మెట్ట మీదికి తీసుకుపోయి నిలబెట్టారు. ఆయన చూశాడు. ఎదురుగా నేల మీద తెల్లగా పావు మైలు ఏనుగు, గెడ్డ దగ్గర పారినాయుడు, పైన కొబ్బరిచెట్టు. ఆయన పటం విప్పాడు, చూశాడు, మళ్ళీ ఏనుగుని చూశాడు. కళ్ళనీళ్ళు తిరిగాయి. పాపం, ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఆయన కోరుకున్నది అదే. భూమి ఒక్కసారైనా చెప్పిన మాట వినడం.

"అమోఘము," అన్నాడు. "భూమి ఇంతటి క్రమశిక్షణ చూపగలదని నేను ఊహించలేదు."

"మరి మా ఊరు బావూ? కాళీ సెయ్యమనరు కదా?"

"ఏ ఊరు?"

"ఏనుగు పొట్టలో ఉన్నాదే, ఆ ఊరు."

దక్షిణామూర్తిగారు గంభీరంగా తల పంకించాడు. "పటము ఏనుగు వెలుపలి రేఖను మాత్రమే చూపుచున్నది. ఏనుగు ఉదరమునందేమున్నదో పింబుల్ దొర సర్వే చేయలేదు. కావున ఉదరాంతర్గత విషయములు శాఖ పరిధిలోనికి రావు. మీరు లోపల ఏమి చేసుకున్నను మాకు అభ్యంతరము లేదు. బయటికి కనబడరాదు, అంతే."

ఇంతవరకూ బాగానే ఉంది. ఊరు బతికింది. వంతెన సంగతి? దాలమ్మ ఆ మాట అడగబోతుంటే, ఆయనే కనుబొమలు ముడిచాడు.

"ఒక లోపము ఉన్నది. తొండమేదీ?"

నిజమే. సున్నం గీత గెడ్డ ఒడ్డున ఆగిపోయింది. నీళ్ళ మీద ముగ్గు ఎవరు వేస్తారు!

"పటములో తొండము గెడ్డకి పైనుండి అవతలి గట్టు వరకును చాపబడి ఉన్నది. ఇక్కడ ఏనుగు మొండిగా ఉన్నది. తొండము లేని ఏనుగును నేను ధ్రువీకరించజాలను."

దాలమ్మకి ఒక్క క్షణం ఏమీ తట్టలేదు. తర్వాత తట్టింది. తట్టినదాన్ని మొహం మీదికి రానివ్వకుండా ఉండడానికి ఆమె చాలా అవస్థపడింది.

"బావూ, నీళ్ళ మీద తొండమంటే మాటలా? సిమెంటూ ఇనుమూ కావాల. మాలాంటోళ్ళ వల్ల ఎక్కడవుతాది? ఒగ్గేయండి. తొండం నేకపోతేనేటి?"

"ఒగ్గేయుటయా?" దక్షిణామూర్తిగారు పటాన్ని గుండెకి హత్తుకున్నాడు. "పింబుల్ దొర తొండమును ఒగ్గేయుటయా? అసంభవము! ఖర్చు శాఖ భరించును. తొండము కట్టి తీరవలెను. స్కేలు ప్రకారము కట్టవలెను!"

స్కేలు పెట్టి తొండం మందం లెక్క కడితే రెండు బస్సులు పక్కపక్కన పోయేంత వచ్చింది.

వంతెన అయితే ఆ ఫైలు ఎన్ని బల్లల మీద పడుకునేదో, ఎవరెవరు దాని మీద అభ్యంతరాలు రాసేవారో! తొండాలకి అంతవరకూ ఎక్కడా నిబంధనలు లేవు. అందుచేత అభ్యంతరం పెట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. ఇంజనీర్లు వచ్చారు, మిక్సర్లు వచ్చాయి, స్తంభాలు లేచాయి. వాటికి ఆధారాలని పేరు పెట్టారు. ఏనుగు తొండం మధ్యలో ఊగిపోకుండా అని కారణం రాశారు. జ్యేష్ఠం దాటకుండా తొండం అవతలి గట్టుకి ఆనింది. పటంలో లాగే చివర ఓ సిమెంటు జెండా కూడా పెట్టారు. రిబ్బను కత్తిరించిన రోజు దక్షిణామూర్తిగారు దీర్ఘంగా ఉపన్యసించాడు. వంతెన అన్న మాట ఒక్కసారీ ఆయన నోటివెంట రాలేదు. దాలమ్మ కూడా అనలేదు. అంటే ఎక్కడ ఊడిపోతుందోనని భయం.

చివర్లో ఆయన ఓ బోర్డు పెట్టించాడు. 'ఇది తొండము. నడచుట, వాహనములు నడుపుట నిషిద్ధము. పటములో తొండముపై ఎవరును లేరు.'

ఊళ్ళోవాళ్ళు బోర్డుకి దణ్ణం పెట్టి దాటేవాళ్ళు. పారినాయుడు దుర్భిణీ అటు తిప్పుకునేవాడు. శాఖ తరపు మనిషి ఆ ఊళ్ళో అతనొక్కడే గనక ఏ ఇబ్బందీ రాలేదు.

ఆషాఢంలో వాన పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. నక్కలగెడ్డ ఎర్రగా, దుంగలు దొర్లించుకుంటూ లేచింది. ముగ్గంతా కొట్టుకుపోయింది, ఏనుగు కనబడకుండా పోయింది, ఒక్క తొండం మిగిలింది. ఆ పొద్దున్నే మంగవేణికి నొప్పులు మొదలయ్యాయి. నెల ముందే.

గవరయ్య కొడుకు ఫోను చేస్తే అంబులెన్సు వచ్చింది. ఆ ఊరి వాకిట్లోకి అంబులెన్సు రావడం అదే మొదలు. దాలమ్మ పిల్లని ఎక్కించి, తనూ ఎక్కి, "పోనీ నాయనా, పోనీ!" అంది.

తొండం మొదట్లోనే బండి ఆగిపోయింది. ఎదురుగా గొడుగు పట్టుకుని దక్షిణామూర్తిగారు! పక్కన ముద్దగా తడిసిన పారినాయుడు. వరదకి ఏనుగు చెరిగిపోయిందని విని, తొండమైనా నిలిచిందో లేదో చూసుకుందామని ఆయన పరుగున వచ్చాడు. వచ్చీ రాగానే బండి కనిపించింది.

"ఆపండి! బోర్డు చదవలేదా? తొండముపై వాహనమా? పటములో లేదు!"

"అయ్యా, లోపల పురిటి కేసండీ," అన్నాడు డ్రైవరు.

"పటములో అదియును లేదు!"

మంగవేణి లోపల్నుంచి అమ్మా అని అరిచింది. కింద గెడ్డ హోరుమంటోంది. దాలమ్మ దిగింది. ఆమెకి ఆ క్షణాన పిచ్చికోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, కాళ్ళు పట్టుకుందామనీ అనిపించింది, గెడ్డలోకి తోసేద్దామనీ అనిపించింది. వానలో తడుస్తూ ఆయనకెదురుగా నిలబడి, నోటిదాకా వచ్చినదాంట్లో మూడుపాళ్ళు మింగి ఒక పాలు మాట్లాడింది.

"బావూ! ఏనుగు తొండంతో ఏటి సేస్తాది?"

దక్షిణామూర్తిగారు తడబడ్డాడు. "అనగా... మేత అందుకొనును. నీళ్ళు త్రాగును. ఊపిరి పీల్చును."

"పీల్చి?"

"విడుచును."

"మరి తొండంలో ఏటీ ఎల్లకూడదు, ఏటీ రాకూడదు అంతే ఏనుగు సచ్చిపోదా? సచ్చిన ఏనుగుని మీ దొర గీసినాడా? కాళ్ళ మీద నిలబడి జెండా ఎత్తిన ఏనుగుని గీసినాడు కాదా? ముగ్గెలాగూ పోనాది. ఈ తొండం ఒక్కతే మిగిలింది. దీన్నీ సంపీసి ఎల్తారా?"

దక్షిణామూర్తిగారు తొండం వంక చూశాడు. చెరిగిపోయిన పొట్టవంక చూశాడు. ఆయన మొహంలో నిజమైన బాధ కనిపించింది. గొడుగు పక్కకి పారేశాడు.

"తప్పుకోండి! అడ్డు తప్పుకోండి!" అని పారినాయుణ్ణి నెట్టాడు. అక్కడ అడ్డం ఉన్నవాళ్ళు తామిద్దరే. "ఏనుగును ఊపిరి తీసుకోనివ్వండయ్యా! బండి పోనివ్వండి!"

బండి పోయింది. దాలమ్మ కిటికీలోంచి కిందికి చూసింది. తను ఆనాడు కూర్చున్న గట్టు కనబడలేదు, నీళ్ళలో మునిగిపోయింది. ఆ గట్టు మీద కూర్చున్న ఆ పిల్ల తనేనా అనిపించింది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, "అయిపోనాది తల్లీ, దాటీసినాం, దాటీసినాం," అంటూనే ఉంది. బండి ఆసుపత్రికి చేరాక కూడా ఆ మాట ఆపలేదు.

ఆడపిల్ల. చిన్నదే గాని గొంతు పెద్దది. నాలుగు రోజులకి అదే బండిలో, అదే తొండం మీదుగా, ఎండలో తిరిగి వచ్చారు. బోర్డు మారింది. 'తొండములో ఉచ్ఛ్వాస నిశ్వాసములు అనుమతించడమైనది. రెండువైపులా నెమ్మదిగా.'

బారసాల నాడు జీడివలస సర్పంచి సన్యాసినాయుడు వచ్చాడు. పటంలో ఉన్న ఊరు గనక జీడివలసకి ఏ సవరణా అక్కర్లేకపోయింది. అంచేత రోడ్డు రాలేదు, నీళ్ళ ట్యాంకు రాలేదు, ఆ వానలకి ఉన్న బాట కూడా పోయింది. ఆయన ఉయ్యాలలో పిల్లని చూసి, చేతిలో అరటిపళ్ళు పెట్టి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒదినా, ఓ మాట. ఆ తోక ఉన్నాది సూడు... అప్పుడేదో కోపంలో అన్నాను. మా పొలాల్లోకి వస్తే మాకేటీ అబ్యంతరం నేదు. తోకంతే పొడుగ్గా, తిన్నగా, తారేసినట్టు ఉంతాది కదా."

దాలమ్మ నవ్వాపుకోలేకపోయింది. ఉయ్యాల ఊపుతూ, "సున్నం మీరే తెచ్చుకోవాల మరి," అంది.